గోడ దూకే అమ్మాయి కావాలి

ధడ్! ధడ్! ధడ్!

ఆఫీసు తలుపు ఊగిపోతోంది.

"మేడమ్! లోపలున్నారని తెలుసు. ఈ రోజు అటో ఇటో తేలిపోవాలి!"

క్రెడిట్ కార్డు బాకీల వసూలు మనుషులు! ఇద్దరు... కాదు, ముగ్గురు.

అక్క తన చెప్పులు చేత్తో పట్టుకుని వెనక మెట్ల మీదికి జారుకుంటుంది.

సినిమాలకు కొత్తవాళ్లను వెతికిపెట్టడం ఆమె పని. స్టూడియోల్లో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే.

చేతిలో ఫోన్ మోగుతుంది. నిర్మాత!

"సార్, నా డబ్బులు!" గుసగుసగా అరుస్తుంది. "మీ ఆడిషన్ల హాలు అద్దె, కెమెరా అద్దె... అన్నీ నా కార్డుల మీదే గీకాను. ఒక కార్డు బాకీ ఇంకో కార్డుతో తీర్చి తీర్చి పీకల దాకా మునిగాను సార్!"

"అమ్మాయి దొరికిందా?"

"దొరికింది. అచ్చం మీరు అడిగినట్టే! గోడలు అవలీలగా దూకుతుంది. చెవి కింద కాలిన మచ్చ కూడా ఉంది. మేకప్ కాదు, నిజం మచ్చ."

నిర్మాత గొంతు తగ్గిస్తాడు.

"ఇప్పుడే ఇంటికి తీసుకురా. నీ బాకీ మొత్తం చేతిలో పెడతాను."

ఇప్పుడా? ఈ వేళప్పుడా?

పైన గడియ ఊడిన చప్పుడు!

ఆలోచించే టైమ్ లేదు. అక్క వీధిలోకి ఉరుకుతుంది. ఆగి ఉన్న లారీ వెనక నక్కి ఆ అమ్మాయికి ఫోన్ చేస్తుంది.

కాసేపటికి బైక్ వచ్చి ఆగుతుంది. పిల్లి! ఆడిషన్‌లో ఆమె గోడెక్కిన తీరు చూసి అక్క పెట్టిన ముద్దుపేరు అది.

"ఎక్కండక్కా!"

"అదిగో! పట్టుకోండ్రా!"

బైక్ దూసుకుపోతుంది.

"ఎవరక్కా వాళ్లు?"

"నేను చేసుకున్న పాపాలు. పోనియ్యవే! నిర్మాత ఇంటికి. ఆయన సినిమాలో సూపర్ హీరోయిన్‌వి నువ్వే!"

"నిజంగా? అమ్మకి చెప్పేయనా?"

"ముందు సంతకం కానీ."

పెద్ద గేటు తెరుచుకుంటుంది. బైక్ లోపలికి వెళ్లగానే... దానంతటదే మూసుకుపోతుంది.

చీకట్లోంచి నిర్మాత గొంతు.

"రామ్మా... హెల్మెట్ తియ్యి. ఆ మొహం ఒకసారి చూడనీ."

పిల్లి చెయ్యి అక్క మణికట్టును పట్టేస్తుంది.

"అక్కా... ఈ గొంతు..."

"ఏమైందే?"

"నేను పనిచేసిన గోడౌన్‌లో... మా మేనేజర్‌ని తుపాకితో కాల్చేసింది వీడే! పేరు తెలీదు, గొంతు మాత్రం మర్చిపోలేదు. ఆ రోజు నన్ను చూశాడు. గోడ దూకి పారిపోయాను!"

అక్కకు అంతా అర్థమవుతుంది.

సినిమా లేదు! సూపర్ హీరోయిన్ లేదు! ఉన్నది ఒక్క సాక్షి. ఆ సాక్షిని అప్పు చేసి మరీ వెతికిపెట్టింది... తను!

నిర్మాత వెలుతురులోకి వస్తాడు. ఒక చేతిలో బ్యాగు. ఇంకో చేతిలో తుపాకి.

బ్యాగు అక్క కాళ్ల దగ్గర పడుతుంది.

"భలే పనిమంతురాలివి. ఇది పట్టుకుని వెళ్లిపో. నీ కార్డులన్నీ తీరిపోతాయి. నువ్వేమీ చూళ్లేదు."

గేటు కొంచెం తెరుచుకుంటుంది. ఒక్క మనిషి పట్టేంత.

అక్క వంగుతుంది. బ్యాగు తీస్తుంది. బరువుగా ఉంది.

"అక్కా...!" పిల్లి పిలుస్తుంది.

అక్క ఆమె వైపు చూడదు. ఒక అడుగు. ఇంకో అడుగు. నిర్మాత పక్కకు వచ్చేదాకా.

బ్యాగు గిర్రున తిరిగి అతని మొహాన్ని బాదుతుంది!

"దూకవే!!"

తుపాకి చేతిని అక్క రెండు చేతులా పట్టేస్తుంది.

ఢాం!

నోట్లు గాల్లో చెల్లాచెదురవుతున్నాయి. అక్క పక్కటెముకల దగ్గర వెచ్చగా... తడిగా...

"వదలవే! వదులు!" నిర్మాత పిచ్చెత్తినట్టు గుంజుతున్నాడు.

గోడ మీద ఒక నీడ. మరుక్షణం అదీ లేదు.

అక్క ఇంకా పట్టు వదల్లేదు.