ఇటుక పొడిలో పెసర మొక్క

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ మూల కూర్చున్నవాళ్ళకి నా గొంతు అందదు. కాళ్ళు ముడుచుకోండి, పక్కవాళ్ళని గిల్లడం మానండి. వేరే గ్రహం మీద మొక్క బతుకుతుందో లేదో తేల్చేస్తానని బయలుదేరిన ఒక పిల్ల సంగతి చెబుతాను.

ఆ పిల్లను అందరూ గబగబ అనేవారు. అన్నం గబగబ, స్నానం గబగబ, మెట్లు దిగడం గబగబ. బళ్ళో టీచరమ్మ ప్రశ్న సగం అడిగేసరికే ఆ పిల్ల చెయ్యి పైకి లేచి ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం బెల్లు మోగింది. మిగతా పిల్లలు ఇంకా మూతులు తుడుచుకుంటూ వస్తున్నారు. గబగబ మాత్రం అప్పటికే సైన్సు గది కిటికీ దగ్గర ఉంది.

కిటికీ గట్టు మీద రెండు గాజు సీసాలున్నాయి. ఒకదాంట్లో బడి తోట మట్టి. రెండోదాంట్లో ఎర్రటి ఇటుక పొడి. గబగబ నాన్న తాపీమేస్త్రీ. పని దగ్గర విరిగిన ఇటుకలు తెచ్చి, దంచి, జల్లించి ఇచ్చాడు. అంగారక గ్రహం నేల ఎర్రగా ఉంటుందనీ, అందులో వానపాములు గానీ కుళ్ళిన ఆకులు గానీ ఉండవనీ టీచరమ్మ చెప్పింది. అలాంటి నేలకి మన దగ్గర దొరికే దూరపు చుట్టం ఇటుక పొడే కదా! రెండు సీసాల్లోనూ పెసలు నాటారు.

గబగబ ఎర్ర సీసాలోకి తొంగి చూసి కెవ్వున అరిచింది.

"మొలిచాయి! ఇటుక పొడిలో మొలిచాయి!"

ఈ పనిలో ఆమెకు జోడీ లాండ్రీ నడిపే ఆవిడ కొడుకు. వాడిని నింపాది అనేవారు. పేరుకి తగ్గట్టే నింపాదిగా వచ్చి, సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగున్నాయి. కొన్నాళ్ళు చూద్దాం," అన్నాడు.

"ఇంకేం చూస్తావురా? కళ్ళెదురుగా పచ్చగా ఉంటే!"

"ఇప్పుడే కదే మొలిచాయి. ఆగు."

"నువ్వు ఆగు! ఒట్టి నత్తవి. నీతో జోడీ కడితే అంగారకుడి మీదికి నేను కాదు, నా ముని మనవరాలు వెళ్తుంది!"

పిల్లలంతా ఘొల్లున నవ్వారు. నింపాది నవ్వలేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. సంచీ తీసుకుని వెనక బెంచీకి వెళ్ళిపోయాడు.

"అయితే నువ్వే చేసుకో," అన్నాడు.

గబగబకి అదంతా పట్టించుకునే తీరికెక్కడిది? పట్నంలోని పెద్ద హాల్లో సైన్సు ప్రదర్శన జరగబోతోంది. ఒక్కో తరగతి నుంచి ఒక్క ప్రయోగాన్నే పంపిస్తారు. రాకెట్ల దగ్గర పనిచేసే శాస్త్రవేత్త ఒకావిడ స్వయంగా వచ్చి చూసి, బహుమతి ఇస్తారట. ఆ హాల్లో, ఆ బల్ల వెనక తనే నిలబడాలి. అంతే, ఇక వేరే ధ్యాస లేదు ఆ పిల్లకి.

పెద్ద చార్టు తెచ్చి, 'వేరే గ్రహం మీద మొక్కలు బతుకుతాయి' అని చేటంత అక్షరాలతో రాసింది. మర్నాడు ప్రార్థన తర్వాత బడి మొత్తానికి గొంతెత్తి చెప్పేసింది కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. నింపాది కూడా కొట్టాడు, కానీ నేల చూస్తూ.

తర్వాత ఏమైందనుకున్నారు? తోట మట్టిలో మొక్కలు ఆకుల మీద ఆకులు వేశాయి. ఇటుక పొడిలోవి ఎదగడం మానేశాయి. కొసల నుంచి పసుపు రంగు పాకింది. కాడలు దారాల్లా వాలిపోయాయి.

"ఏమే గబగబా, మీ గ్రహానికి కామెర్లొచ్చాయా?" అన్నాడొకడు.

"డాక్టర్ని రాకెట్లో పంపించండ్రా!" అంది ఇంకొకర్తె.

ఆ సాయంత్రం గబగబ అన్నం ముందు కూర్చుని, ఒక్కో మెతుకూ ఏరుకుంటూ తింది. వాళ్ళమ్మ కుట్టుమిషను ఆపి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఒళ్ళు చల్లగానే ఉందే! మరి ఇంత నెమ్మదిగా తింటున్నావేంటి?"

"మొక్కలు చచ్చిపోతున్నాయమ్మా. ఎల్లుండి టీచర్ ఎవర్ని పంపాలో చెప్పేస్తారు. ఆ సీసా పారేస్తాను."

"నీ జోడీ ఏమంటున్నాడు?"

గబగబ మెతుకులు అటూ ఇటూ జరిపింది. వాళ్ళమ్మ పళ్ళెంలో ఇంకొంచెం అన్నం పెట్టి, మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

గబగబ చెయ్యి కడుక్కుని, వీధి చివరి లాండ్రీకి వెళ్ళింది. లోపల వేడి ఆవిరి, సబ్బు వాసన. నింపాది ఒక్కడే పెద్ద దుప్పటి మడతపెట్టడానికి తంటాలు పడుతున్నాడు. గబగబ రెండో కొస పట్టుకుంది. పట్టుకోవడమే ఆలస్యం, సర్రున లాగింది. వాడి చేతిలోంచి జారి దుప్పటి నేల మీద పడింది.

"ఏయ్ పిల్లా! నాచేత మళ్ళీ ఉతికించకు!" అని లోపలి నుంచి నింపాది వాళ్ళమ్మ కేకేసింది.

మళ్ళీ పట్టుకున్నారు. ఈసారి గబగబ వాడి చేతుల వంకే చూసింది. వాడు ఒక అడుగు వేస్తే తనూ ఒక అడుగు వేసింది. కొసలు కలిశాయి. దుప్పటి బల్ల మీద చక్కగా చదునుగా కూర్చుంది.

"నిన్ను నత్త అన్నాను," అంది గబగబ.

"అన్నావు."

"అందరి ముందూ అన్నాను. తప్పు నాదే. రేపు వచ్చి సీసా చూస్తావా?"

నింపాది ఇంకో దుప్పటి తీశాడు. "ముందు ఇవన్నీ అవ్వాలి," అన్నాడు.

గబగబ గొణగకుండా, ఆ కుప్ప అయ్యేదాకా ఉంది. ఎంత పెద్ద కుప్పనుకున్నారు!

పొద్దున్నే ఇద్దరూ కలిసి టీచరమ్మ దగ్గరికి సీసా తీసుకెళ్ళారు.

"మొదట ఎందుకు మొలిచాయి టీచర్? తర్వాత ఎందుకు చచ్చిపోతున్నాయి?" అని అడిగింది గబగబ.

టీచరమ్మ నానిన పెసర గింజ ఒకటి తీసి గోటితో రెండుగా విప్పింది. "ఈ రెండు బద్దలూ చూశారా? గింజకి తల్లి మొక్క కట్టి ఇచ్చిన క్యారేజీ ఇది. ఇది ఉన్నన్నాళ్ళు ఇటుక పొడిలోనైనా, తడి గుడ్డలోనైనా మొలుస్తుంది. అయిపోయాక నేలే తిండి పెట్టాలి."

"ఇటుక పొడి దగ్గర పెట్టడానికేం లేదు," అన్నాడు నింపాది.

"బడి తోటలో అయితే ఎండుటాకులు గుంటలో వేసి ఎరువు చేస్తారు," అంది గబగబ. "కానీ అంగారకుడి మీద ఆకులెక్కడివి?"

నింపాది చాలాసేపు ఆలోచించాడు. వేరే రోజైతే గబగబ ఈపాటికి పది మాటలు అనేసి ఉండేది. ఈసారి పెదవులు బిగబట్టుకుని ఊరుకుంది.

"మనం పంపిన మొక్కల ఆకులే," అన్నాడు వాడు మెల్లగా. "ముందు వెళ్ళి చచ్చిపోయినవి."

ఇద్దరూ ఒక్కసారే వాడిపోయిన సీసా వైపు చూశారు. పారెయ్యాలనుకున్న సీసా!

"టీచర్, మాకు ఇంకొంచెం టైం కావాలి," అంది గబగబ. "రేపటికి తేలదు. అంతవరకు ఆగడం కుదరకపోతే వేరేవాళ్ళని పంపండి." అది చెప్పడానికి ఆ పిల్లకి ఎంత కష్టమైందో! మరి ఆ హాలు మీద అంత ఆశ పెట్టుకుంది కదా!

టీచరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పేర్లు ఇవ్వడానికి ఆఖరి రోజు దాకా ఆగుతాను," అంది.

వాడిపోయిన మొక్కల్ని చిదిమి, అదే ఇటుక పొడిలో కలిపి తడిపి ఉంచారు. అవి మెత్తబడి కుళ్ళేదాకా కాచుకున్నారు. తర్వాత మళ్ళీ పెసలు నాటారు. పక్కనే ఇంకో సీసాలో ఒట్టి ఇటుక పొడి పోసి, అందులోనూ నాటారు. "పక్కపక్కన ఉంటేనే తేడా తెలుస్తుంది," అన్నాడు నింపాది. మళ్ళీ అన్నీ మొలిచాయి. ఎవరడిగినా గబగబ ఒకటే జవాబు: "చూస్తున్నాం."

ఒట్టి పొడిలోవి పసుపెక్కాయి. కలిపిన పొడిలోవి? తోట మొక్కలంత గుబురుగా లేవు గానీ, పచ్చగా నిటారుగా నిలబడ్డాయర్రా! ఒక్కోటీ కొత్త ఆకు విప్పింది. ఆ పొద్దున గబగబ, నింపాది సైన్సు గదిలో గెంతిన గెంతులకు పక్క గదిలో లెక్కల మాస్టారి సుద్దముక్క విరిగిపోయిందట. టీచరమ్మ ఆ పూటే వాళ్ళ పేర్లు రాసి పంపింది.

పట్నంలో హాలు కిటకిటలాడుతోంది. రాకెట్ల ఆవిడ ఒక్కో బల్లా చూసుకుంటూ వచ్చి, మూడు సీసాల ముందు ఆగింది. తోట మట్టిది ఒక పక్క, పచ్చటి మొక్కలున్న ఎర్ర పొడి సీసా ఒక పక్క. నట్టనడుమ, అందరికీ కనిపించేటట్టు, పసుపెక్కి వాలిపోయిన సీసా.

"ఇది చచ్చిపోయిందే. నడుమ పెట్టారేం?" అంది ఆవిడ.

"దీన్నుంచే మాకు తెలిసిందండీ," అన్నాడు నింపాది.

"ఓహో! అయితే చెప్పండి. అంగారకుడి మీద మొక్కలు బతుకుతాయా?"

గబగబ చెయ్యి అలవాటుగా లేవబోయింది. దించేసుకుంది.

"ఇంకా తెలీదండీ. అక్కడ విపరీతమైన చలట. గాలి పల్చనట. అవి మేము చూడలేదు. మేము చూసింది ఇంతే. ఒట్టి పొడిలో మొక్క తన క్యారేజీ ఉన్నన్నాళ్ళే ఉంది. పోయిన మొక్కల్ని కలిపితే, తర్వాతవి ఎక్కువ రోజులు పచ్చగా ఉన్నాయి."

ఆవిడ పకపకా నవ్వింది.

"మాక్కూడా ఇంకా తెలీదమ్మా! అందుకే రోజూ పనిలోకి వెళ్తున్నాం."

పచ్చ సీసాను రెండు చేతులతో తలపైకి ఎత్తి, హాలంతా వినపడేలా, "పిల్లలూ, అందరూ ఇటు రండి! ఈ ఏడాది మొదటి బహుమతి ఈ బల్లకే!" అంది.

హాలు హాలంతా ఒక్కసారిగా హోరెత్తింది. తాపీమేస్త్రీ నాన్న ఈల వేశాడు. లాండ్రీ అమ్మ పక్కనున్న ముక్కూ మొహం తెలియనావిడ్ని కౌగిలించుకుంది. నింపాది గబగబ కంటే ముందు గెంతాడు!

ఆ సందడిలో పేపరాయన ఒకాయన కెమెరాతో ముందుకు తోసుకొచ్చాడు. "పాపా, త్వరగా చెప్పు. వేరే గ్రహం మీద మొక్కలు బతుకుతాయని రాసెయ్యనా?"

"వద్దంకుల్," అంది ఆ పిల్ల. "ఇద్దరు పిల్లలు చూస్తున్నారని రాయండి. మళ్ళీ నాటాం. ఆకులు వేశాక రండి, చూపిస్తాం."

ఇదర్రా సంగతి. దీన్ని మనసులో దాచుకోండి. మీ కంటే చిన్నవాళ్ళు దొరికినప్పుడు, ఇలాగే దగ్గర కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పండి. మధ్యలో వాళ్ళు ప్రశ్నలడిగితే, పూర్తిగా అడగనివ్వండి.