బ్యాటరీ తాత పెరడు

చీకటి పడ్డాక ఆ పెరట్లోకి ఎవరూ వెళ్లరు. పగలైనా పని ఉంటేనే వెళ్తారు, వెళ్లినా వెనక్కి చూసుకుంటూ వచ్చేస్తారు. గడ్డి పోచ మొలవని నేల అది. వానలు పడితే ఊరంతా పచ్చబడుతుంది, ఆ పెరడు మాత్రం పాడు మొహం వేసుకుని అలాగే ఉంటుంది. అక్కడ గీరుకుని తిన్న కోడి సాయంత్రానికి మెడ వాల్చేసిందనీ, గుంత తవ్వుకుని పడుకున్న కుక్క వారం తిరక్కుండా కాళ్లు కొట్టుకుంటూ చచ్చిందనీ వీధిలో చెప్పుకుంటారు.

అన్నిటికీ కారణం బ్యాటరీ తాత అని వాళ్ల నమ్మకం.

బతికున్నన్నాళ్లూ ఆయన ఆ పెరట్లోనే రేకుల షెడ్డు వేసుకుని పాత బ్యాటరీలు పగలగొట్టేవాడు. లోపలి యాసిడ్‌ని నేల మీద ఒంపేసి, పలకల్లోని సీసాన్ని ఇనప మూకుడులో కరిగించి, దిమ్మలు పోసి అమ్మేవాడు. చివరి రోజుల్లో చేతులు వణికేవి. కడుపు పట్టుకుని మెలికలు తిరిగేవాడు. తనలో తనే ఏదో గొణుక్కునేవాడు. పోయాక కూడా ఆయనకి పని మీద యావ చావలేదట. రాత్రుళ్లు షెడ్డు దగ్గర చప్పుడు వినిపిస్తుందట... జర్... జర్... అని.

ఈ "అట"లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. ఎవరు చూశారని అడిగితే పక్కవాడి తోడల్లుడు చూశాడంటారు. కానీ ఆ ఇంటి కోడలు మా పిన్ని కూతురు, నాకు అక్క వరస. దర్జీ పని చేసే మనిషి. అంగుళం ఎక్కువ చెబితే బట్ట పాడవుతుందని తెలిసినవాళ్లు కోతలు కొయ్యరు. అందుకే అక్క చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

అక్క పగలంతా బజారులోని దర్జీ కొట్లో ఉంటుంది. బావ బస్సు డిపోలో మెకానిక్, వారంలో సగం రాత్రి డ్యూటీలే. ఇంట్లో అత్తగారూ, నాలుగేళ్ల కూతురూ. ఆ పిల్లని అందరూ గోరింక అంటారు. నిద్రపోతే తప్ప నోరు మూతపడదు. చెప్పులతో మాట్లాడేది, బకెట్‌తో మాట్లాడేది, ఎవరూ దొరక్కపోతే గోడతో పోట్లాడేది.

అలాంటి పిల్ల మాటలు తగ్గించేసింది.

అన్నం ముట్టేది కాదు. కడుపునొప్పి అని మూల ముడుచుకుని పడుకునేది. మొహం పాలిపోయింది. బాగా తెలిసిన మాటల కోసం కూడా వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం "అమ్మా" అని పిలిచి, ఎందుకు పిలిచిందో మర్చిపోయి, అలాగే చూస్తూ నిలబడిపోయిందట. ఆ చూపు చూసి అక్కకి ఏడుపొచ్చింది.

పిల్లల డాక్టరమ్మ రక్తం తీయించింది. ఫలితం వచ్చాక అక్కని ఒక్కదాన్నే లోపలికి పిలిచి, "మీ ఇంట్లో సీసం ఎక్కడుంది?" అని అడిగింది.

అక్క మామగారి సంగతి చెప్పింది. ఆయన పోయి ఏళ్లయిందనీ, పెరటి తలుపుకి తాళమనీ, పిల్ల అటు అడుగైనా పెట్టలేదనీ చెప్పింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"సీసం కుళ్లదమ్మా. కాలదు, కడిగితే పోదు. నేలలో చేరిందంటే తరాలు మారినా అక్కడే కూర్చుంటుంది. పైగా నాలుక్కి తియ్యగా తగులుతుంది, విషమని పిల్లలకేం తెలుసు? కానీ దానంతట అది నడిచి రాదు. ఎవరో పిల్ల దాకా తెస్తున్నారు. అది ఎవరో కనుక్కో. ఆపకపోతే నా మందులు దండగ... పిల్ల బుర్ర పాడయితే మళ్లీ బాగుచెయ్యలేం."

ఎవరో. ఆ మాట పట్టుకుని అక్క ఇంటికొచ్చింది.

ఇంట్లో ఉన్నదే ముగ్గురు పెద్దవాళ్లు. తను కాదు. బావ కాదు. ఇక మిగిలింది...

అలా అనుకున్నందుకు మొదట తనని తనే తిట్టుకుందట. కానీ అనుమానం ఒకసారి ఇంట్లోకి వస్తే ఊరికే కూర్చోదు కదా. పెరటి తాళంచెవి అత్తగారి దిండు కింద ఉంటుంది. పిల్లకి పాలు కలిపేది ఆవిడే, ఇంకొకరు కలుపుతానంటే ఒప్పుకోదు. గోరింక వీధిలో మట్టి ముట్టుకుంటే చెయ్యి మీద ఒక్కటి వేసి, ఎర్రబడేదాకా కడుగుతుంది. ఎందుకంత కడగడం? ఏం పోవాలని? ఈ మధ్య ఆవిడ చేతులూ సన్నగా వణుకుతున్నాయి. తనలో తనే ఏదో గొణుక్కుంటోంది. పొద్దున్నే చూస్తే గోళ్లలో బూడిద.

బావతో అంటే ఇంతెత్తున లేచాడు. కన్నతల్లిని అనుమానిస్తావా అని రెండు రోజులు మాట్లాడలేదు.

పక్కింటావిడ మాత్రం గోడ మీదుగా వంగి, గొంతు తగ్గించి అంది. "మీ మామగారు ఈ పిల్లని కళ్లారా చూడకుండానే పోయాడు కదమ్మా... ఇప్పుడు చూసుకోవాలని ఉందేమో. తోడు తీసుకుపోదామనుకుంటున్నాడేమో."

అక్క నవ్వేసింది. నవ్వేసి లోపలికెళ్లి, గోరింకని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చుందట.

ఆ రాత్రి బావ డ్యూటీలో ఉన్నాడు. అక్క దీపం ఆర్పేసి, పిల్ల పక్కన కళ్లు మూసుకుని పడుకుంది. నిద్ర నటించడం అంత కష్టమని తనకి అప్పుడే తెలిసిందట.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత... జర్... జర్... జర్...

ఒక్క క్షణం ఆగింది. మళ్లీ... జర్... జర్...

అక్క లేచింది. అత్తగారి మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మాత్రం మనిషి ఉన్నట్టే కప్పి ఉంది. వంటగది దాటి వెళ్తే పెరటి తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులోంచి వచ్చే గాలికి పుల్లటి వాసన, పాత ఇనుము వాసన.

చెప్పులు లేకుండా గడప మీద నిలబడి చూసింది.

షెడ్డు పక్కన ఒక ఆకారం గొంతుక్కూర్చుని ఉంది. నెత్తి నుంచి కాళ్ల దాకా బూడిద రంగు. మొహం ఉండాల్సిన చోట గుడ్డ తప్ప ఏమీ కనబడలేదు. ఒళ్లు ముందుకీ వెనక్కీ ఊగుతోంది... దాంతోపాటే ఆ చప్పుడు. దాని ముందు నేల సుయ్‌మంటోంది. చల్లార్చిన పొయ్యి చేసే శబ్దం అది, కానీ అక్కడ నిప్పు లేదు.

ఊగడం ఆగింది.

ఆ ఆకారం వంగి చిటికెడు మన్ను తీసింది. గుడ్డ కాస్త పైకెత్తి... నోట్లో వేసుకుంది. కదలకుండా కూర్చుంది. తర్వాత, బాగుందన్నట్టు, నెమ్మదిగా తలాడించింది.

అక్క తలుపు రెక్క పట్టుకుంది. దెయ్యాలు లేవని ఎన్నిసార్లు వాదించిందో, ఆ క్షణాన ఒక్క వాదనా గుర్తు రాలేదట.

"మామయ్యా..." అంది. "మామయ్యా, నా పిల్లని వదిలెయ్యండి..."

ఆకారం తల తిప్పింది.

"అరవకు అమ్మాయ్. పిల్ల లేస్తుంది."

అత్తగారి గొంతు.

అక్క అక్కడే చతికిలబడిపోయింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు. అత్తగారు మొహానికి కట్టుకున్న గుడ్డ విప్పి, ఒంటి మీది బూడిద దులుపుకుని పక్కన కూర్చుంది. చేతిలో జల్లెడ ఉంది. ముందు ఒక పళ్లెం, బూడిద బస్తా, నీళ్ల బిందె. వీధి వీధంతా జడుసుకున్న దెయ్యం ఈవిడే.

"మీ మామయ్య పోసిన యాసిడ్ ఇంకా ఈ నేలని మండిస్తూనే ఉంది" అంది ఆవిడ. "పగలు చేస్తే నలుగురూ చూసి ఆయన్ని తిట్టుకుంటారు. పోయిన మనిషికి ఆ మాట ఎందుకు? అందుకే రాత్రి. పైపొర తీసి, జల్లెడ పట్టి, బూడిద కలిపి కడుగుతున్నా. బూడిద పడితే యాసిడ్ చచ్చిపోతుంది. చెయ్యి కాలినప్పుడు ఆయన అదే చేసేవారు."

అక్కకి ప్రాణం లేచొచ్చింది. ఇంత మంచి మనిషినా అనుమానించాను అని సిగ్గేసింది. ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది... అప్పుడు డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. కాలదు. కడిగితే పోదు.

పెరట్లో చూస్తే గుంతలున్నాయి. తీసిన మట్టి కుప్ప మాత్రం ఎక్కడా లేదు.

"కడిగిన మట్టి ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

అత్తగారి మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్లుగానో ఎవరైనా అడగాలని చూస్తున్నట్టు లేచి, అక్క చెయ్యి పట్టుకుని డాబా మెట్లెక్కించింది. అక్క ఆ మెట్లెక్కి ఎన్నాళ్లయిందో.

నీళ్ల ట్యాంకు నీడలో ఒక సిమెంటు తొట్టి. దాన్నిండా మెత్తటి బూడిద రంగు మట్టి, పిండి కన్నా సన్నగా. అందులో ఒక చెంచా, మూతపోయిన డబ్బా, బొమ్మ గిన్నెలు. ఒక పక్క మట్టి గుంతలు పడి ఉంది... చిన్న గుప్పెట పట్టేటంత గుంతలు.

అక్క కొట్లో ఉన్న ప్రతి మధ్యాహ్నం గోరింక ఆడుకుంటున్నది ఇక్కడే.

"మట్టి కావాలని ఏడ్చేది పాపం" అంది అత్తగారు. "వీధి మట్టి ఎలా ముట్టుకోనిస్తాను? ఎవరెవరి చెత్తో, ఎవరెవరి ఉమ్ములో. ఇది మనింటి మట్టి. నా చేతుల్తో శుభ్రం చేసింది."

గోరింక బతికిందా అంటే, బతికింది. నెలల తరబడి మందులు వాడారు. మాటలు చాలావరకు తిరిగొచ్చాయి, అన్నీ రాలేదు. అత్తగారి రక్తం పరీక్ష చేయిస్తే పిల్ల కన్నా ఎక్కువ సీసం తేలింది. ఆ సంగతి విన్న రోజు నుంచి ఆవిడ మనవరాలికి తన చేత్తో ఏదీ పెట్టదు. పిల్ల ఒళ్లోకి రాబోయినా చేతులు వెనక్కి పెట్టుకుంటుందట. పెరటి మట్టిని బావ లారీకి ఎత్తించాడు. ఎక్కడ పోస్తావని డ్రైవర్ని అడిగితే, కొత్త ఇళ్లకి పల్లం పూడుస్తున్నారు, మట్టి ఎంతున్నా చాలడం లేదన్నాడట. వీధిలో వాళ్లు మాత్రం దెయ్యం వదిలిందని సంతోషంగా ఉన్నారు.

ఇదంతా మామూలుగానే చెప్పుకొచ్చింది అక్క. ఆ రాత్రి డాబా మీద జరిగిన ఆఖరి సంగతి మాత్రం అన్నీ అయ్యాక చెప్పింది.

తొట్టి ముందు నిలబడి, "పిల్ల... దీన్ని తింటోందా?" అని తను అడిగిందట.

"తిననీ అమ్మాయ్" అని అత్తగారు ముద్దుగా నవ్వి, తొట్టిలోంచి చిటికెడు మన్ను తీసి నాలుక మీద వేసుకుంది. "ప్రతి విడతా నేను రుచి చూశాకే పైకి తెచ్చాను. మొదట్లో పుల్లగా ఉండేది, నాలుక మండేది. ఇప్పుడు చూడు... ఎంత తియ్యగా ఉందో."