ఈ పక్కకీ, ఆ పక్కకీ

మందు ఎక్కించే రోజున కూడా ఆ ఆసుపత్రి గదిలో అక్క నవ్వుతూనే ఉండేది. అండాశయంలో క్యాన్సరు. మందు నేరుగా పొట్టలోకే పంపేవారు. పక్కటెముకల కింద, చర్మం లోపల బొత్తామంత డబ్బీ, దానికో సన్నటి గొట్టం. మందు లోపల మూలమూలకీ చేరాలని పావుగంటకోసారి మనిషిని ఈ పక్కకీ ఆ పక్కకీ తిప్పాలి. భుజం కింద ఓ చెయ్యి, నడుము కింద ఓ చెయ్యి వేసి చెల్లెలే తిప్పేది.

"పరుపు ఎండేసినట్టు తిప్పుతున్నావేమే," అనేది అక్క.

నాలుగో విడత అయ్యాక డబ్బీ చుట్టూ చర్మం ఎర్రబడింది. ముట్టుకుంటే కాలింది. ఎర్రబడితే వెంటనే ఫోను చెయ్యమని నర్సమ్మ మరీ మరీ చెప్పి పంపింది. అక్క చెల్లెలి మణికట్టు పట్టుకుంది.

"చెప్పకే. గొట్టం తీసేస్తారు. ఇంకా రెండు విడతలేగా."

చెల్లెలు దేవుడి మీద ఒట్టేసింది. ఆ మాట తప్పలేదు. రెండు రోజుల్లో చీము పొట్టంతా పాకింది. మూడోనాడు అక్క లేదు.

ఆ ఒట్టు సంగతి బావకి కూడా చెప్పలేదు. ఎవరెంత ఓదార్చినా ముద్ద గొంతు దిగేది కాదు.

నెల తిరిగింది. మబ్బు పట్టిన ఓ మధ్యాహ్నం, అక్క గది సర్దుతూ చెల్లెలు ఆమె మంచం మీదే ఒరిగింది. కిటికీ తెర కదలడం లేదు. దిండుకి ఇంకా స్పిరిటు వాసన. ఎక్కడో కుళాయి చుక్క... చుక్క... కళ్ళు మూతపడ్డాయి.

భుజం కింద ఓ చెయ్యి దూరింది. మెత్తగా.

నడుము కింద ఇంకోటి... ఎడమ పక్కకి తిప్పాయి.

కళ్ళు తెరవలేదు. భయం కన్నా ముందు ఏడుపొచ్చింది. "నేను నోరు విప్పి ఉంటే బతికేదానివి కదా," అని గొణిగింది.

చెవి దగ్గర ఊపిరి. "ఒట్టేయించుకుంది నేనేగా. పడుకోవే."

నెల్లాళ్ళ బరువు గుండె మీంచి దిగింది. కాసేపటికి మళ్ళీ చేతులు... కుడి పక్కకి. ఈసారి ఆశగా తడిమి చూసుకుంది. సూదులకి గట్టిపడ్డ నరాలు వేలికి తగిలాయి. అక్క చేతులే.

రెండూ భుజం కిందే ఉన్నాయి.

నడుము కింద వేరే చేతులు, చల్లగా ఉన్నాయి. వాటికి గోళ్ళు లేవు.

"అక్కా... అక్కడెవరు?"

అక్క చేతులు ఆమె భుజాన్ని బిగించి పట్టుకున్నాయి... ఎవరికీ ఇవ్వనన్నట్టు.