పదహారంగుళాల స్టెప్నీ

“జాబితాలో పదిహేడో పేరు మీ అక్కది,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ పదకొండు తలూపాడు. రేపు వాన పడుతుందన్నా అంతే ఊపేవాడు. మూడు నెలల క్రితం తన జతగాడిని శత్రువులు కాల్చి చంపిన నాటినుంచి అతనికి టీ వేడీ, చొక్కా తడీ, మెచ్చుకోలూ, మరణవార్తా అన్నీ ఒక్కటే.

మిగిలినది చీఫ్ క్లుప్తంగా సెలవిచ్చాడు. శత్రుదేశంలో మారువేషాలలో ఉన్న మనవాళ్ళు నలభై మంది పేర్లు మైక్రోఫిల్ముకెక్కి, ‘డాక్టర్’ అనబడే ముఠానాయకుడి జేబులోకి చేరాయి. గురువారం మధ్యాహ్నం పన్నెండుకు సరిహద్దు గేటు మూసేలోగా అతడు దాటితే నలభై మందికీ నూకలు చెల్లినట్టే. గేటు దగ్గర మాటు వేద్దామంటే అక్కడి కాపలాదారు వాళ్ళకు అమ్ముడుపోయాడు. ముందే సైగ చేస్తాడు. డాక్టర్ ఎక్కడ కారెక్కుతాడో తెలియదు. తెలిసిందల్లా, అతడి ఎర్ర స్పోర్ట్స్ కారుకు పెద్ద బ్రేకులు వేయించడానికి ‘నెమలి’ ఒక గ్యారేజీకి వస్తుందని. నెమలి మన జీతమూ వాళ్ళ జీతమూ సమదృష్టితో స్వీకరించే సుందరి. జతగాడి ఆచూకీ శత్రువులకు అందించినది ఆ చేయే.

మర్నాడే పదకొండు దొంగమీసంతో, అసలు గ్రీజుతో ఆ గ్యారేజీలో కుదిరాడు. ముసలి ఓనరుకు ఒక నియమముంది: పెద్ద బ్రేకులు బిగించిన ఏ కారు తాళాలూ ఒక హెచ్చరిక చెప్పకుండా చేతికివ్వకూడదు. నెమలి వచ్చిన రోజున ఆయన పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు.

“మావారికి కొండ దిగడమంటే భయం. ముప్పై ఒక్క మలుపులు,” అంది నెమలి. “పట్టినంత పెద్దవి వెయ్యండి.”

రెండు వందల ఎనభై మిల్లీమీటర్ల బ్రేకు డిస్కులు దిగాయి. మూడు వందల యాభై అయిదువి సింహాసనమెక్కాయి. వాటిమీద, డిస్కును నొక్కిపట్టే ఆరు పిస్టన్ల కాలిపర్లు కొలువుతీరాయి. వాటికి చోటివ్వడానికి నాలుగు చక్రాలూ పద్ధెనిమిది అంగుళాలవి వచ్చాయి. ముందు చక్రానికి ప్రయోగశాలవారి వాల్వ్ క్యాప్ తగిలించాడు. అది కారు జాడ తెలుపుతుంది. వాచీలో బటన్ నొక్కితే గాలి తీసేస్తుంది.

“ఇంకేమైనా చెప్పేదుందా?” అంది నెమలి తాళాలందుకుంటూ.

“ఏం లేదండీ. నిదానంగా వెళ్ళండి.”

గురువారం ఎర్రకారు ముప్పై ఒక్క మలుపులూ దిగ్విజయంగా దిగింది. బ్రేకులు అద్భుతం. వెనకాల జీపులో వస్తున్న పదకొండు, గేటు మూడు కిలోమీటర్లుందనగా బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. ప్రయోగశాల పరువు మూడో నొక్కుకు గాని నిలబడలేదు.

దూరంగా ఆగి బైనాక్యులర్స్‌లో చూశాడు. నెమలి చకచకా జాకీ ఎత్తి, చక్రం విప్పి, డిక్కీలోంచి స్టెప్నీ తీసింది. అది కారు కొన్ననాడు దానితో వచ్చిన పదహారంగుళాలది. కొత్త కాలిపర్‌కు తగిలి ఆగిపోయింది. తిప్పి చూసింది. డాక్టర్ సూటుతో మోకాళ్ళమీద కూర్చుని, సామ్రాజ్యాలను కూల్చిన చేతులతో దాన్ని బాదాడు. గాలి లేకపోయినా విప్పినదే బిగించి నడుపుదామని వాళ్ళకు తోచి, నాలుగో నట్టు పడేసరికి జీపు వచ్చి అడ్డంగా ఆగింది. పన్నెండుకు పది నిమిషాలు తక్కువ.

డాక్టర్ కోటు లైనింగులో ఫిల్ము దొరికింది. నెమలి ఏజెంట్ గ్రీజు గోళ్ళను గుర్తుపట్టింది.

“స్టెప్నీ పట్టదని నీకు ముందే తెలుసు.”

“తెలుసు.”

“నీ జతగాడి కోసమా?”

అతను జవాబు కోసం లోపల వెతికాడు. పగ దొరకలేదు. “చేతులు ముందుకు పెట్టండి,” అన్నాడు.

అక్క క్షేమమన్న కబురు ఆ సాయంత్రం చీఫే స్వయంగా చెప్పాడు. పతకం కూడా అన్నాడు. పదకొండు తలూపాడు.

మర్నాడు పనిముట్లు అప్పగించడానికి గ్యారేజీకి వెళితే, దవడ వాచిన ఓనరు ఎదురుచూస్తున్నాడు. ఎర్రకారు కొండకింద స్టెప్నీ పట్టక ఆగిపోయిందని లారీవాళ్ళు చెప్పారట.

“ఆడమనిషి నాయనా, నడిరోడ్డుమీద,” అన్నాడు నొప్పితో మెల్లగా. “ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?”

పదకొండు తల ఊగలేదు. మూడు నెలల తరవాత మొదటిసారి అతని చెవులు వేడెక్కాయి. దేశరహస్యం కనక పైకేమీ అనలేక, నేలకేసి చూస్తూ, “తప్పయిపోయిందండీ,” అన్నాడు. తన మాటలో అబద్ధం లేకపోవడం చూసి ఆ వృత్తిలో తలపండినవాడు కాస్త కంగారుపడ్డాడు.