బుధవారం గడిలో టిక్కు

శనివారం ఉదయం 9.40.

అశోక్ నగర్‌లో రెండంతస్తుల పాత ఇల్లు. వెనకవైపు ఒక్క గది పోర్షన్. తలుపుకి బయట తాళం. లోపల శవం.

ఇన్‌స్పెక్టర్ విఠల్ కిటికీ ఊచల్లోంచి చూశాడు. మంచానికీ బాత్‌రూమ్‌కీ మధ్య నేల మీద ఒక ముసలావిడ పక్కకి ఒరిగి పడి ఉంది. నాలుగడుగుల దూరంలో వాకర్ బోర్లా పడి ఉంది. కుడిచేతి దగ్గర స్టీలు గ్లాసు.

"తాళం పగలగొట్టు," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ పోచయ్యతో.

ఫోన్ చేసింది ఇంటి ఓనరు జోగారావు. పై అంతస్తులో ఉంటాడు. కింద ముందు వాటా ఖాళీ. సోమవారం సాయంత్రం కాకినాడలో పెళ్ళికి వెళ్ళి, ఈ రోజు తొమ్మిదింటికి దిగాడు. ముసలావిడకి కాజాలు ఇద్దామని కిటికీ దగ్గరికొచ్చి చూశాడు. ఆ పొట్లం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాన్నెక్కడ పెట్టాలో ఆయనకి తోచడం లేదు.

చనిపోయినావిడ పేరు మాసమ్మ. డెబ్భై తొమ్మిదేళ్ళు. ఒకప్పుడు ఆస్పత్రిలో ఆయా. నా అన్నవాళ్ళు లేరు. వాకర్ పట్టుకుని గదిలో నాలుగడుగులు వేయగలదు. కుక్కర్‌లో గుప్పెడు బియ్యం పెట్టుకోగలదు. గడప మాత్రం దిగలేదు.

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది?"

"చర్చి వాళ్ళ దగ్గరండి," అన్నాడు జోగారావు. "చిక్కడపల్లిలో ప్రెస్బిటేరియన్ సంఘం ఉంది కదా, వాళ్ళు. వారానికి మూడు రోజులు ఎవరో ఒకరు వచ్చి, గది ఊడ్చి, మందులూ కూరగాయలూ ఇచ్చి, బయట తాళం వేసుకుని వెళ్తారు. ఒంటరిగా ఉంటే భయమని ఆవిడే వేయించుకునేది. ఉన్నది ఒక్కటే చెవి. రెండోది ఎప్పుడో పోయింది."

విఠల్ గదిలోకి వెళ్ళాడు. గోడకి రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఉంది. మంగళవారం దగ్గర ఆగిపోయింది. సెల్ ఫోన్ అలమర పై అరలో ఛార్జింగ్‌కి పెట్టి ఉంది. నేల మీద పడ్డ మనిషికి అది అందదు. స్టీలు గ్లాసు అంచు సొట్టలు పడి ఉంది. దాని కింద ఎర్రగచ్చు మీద తెల్లటి గాట్లు. విఠల్ లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మానేశాడు.

ముసలావిడ గ్లాసుతో నేల మీద కొడుతూనే ఉంది. పక్క గోడ అవతల గ్రూప్స్ కోచింగ్ సెంటర్. పొద్దున్న ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా మైకులో పాఠాలు, ఆ తర్వాత అక్కడ మనిషి ఉండడు. రెండువందల మంది రాజ్యాంగం బట్టీ పడుతుంటే స్టీలు గ్లాసు చప్పుడు ఎవరికి వినబడుతుంది?

పదహారేళ్ళ సర్వీసులో విఠల్ చాలా శవాల్ని చూశాడు. అయినా ఆ గ్లాసుని ఎవిడెన్స్ కవర్లో తనే వేశాడు. పోచయ్య చేతికివ్వబుద్ధి కాలేదు.

వెళ్ళబోతుంటే జోగారావు గొంతు తగ్గించి ఇంకో ముక్క చెప్పాడు. సోమవారం మధ్యాహ్నం ఈ గదిలో పెద్ద గొడవ జరిగింది. ఇంకోసారి నా గడప తొక్కొద్దని మాసమ్మ గట్టిగా అరిచింది. తిట్లు తిన్నది విజయశ్రీ అనే టీచరు. సోమవారం, బుధవారం వచ్చేది ఆమే.

ఉదయం 11.30. చర్చి.

చర్చి అంటే పెద్ద గోపురం ఊహించుకోనక్కర్లేదు. రేకుల కప్పు, పన్నెండు బెంచీలు, ముప్పై ఒక్క కుటుంబాలు. మూడు సంఘాలకి కలిపి ఒకే పాస్టరు. నెలకొక్క ఆదివారం వస్తాడు. మిగతా పనంతా సంఘస్థులు పంచుకున్నారు. తలుపు తీసేవాళ్ళొకరు, వాక్యం చదివేవాళ్ళొకరు, ఊడ్చేవాళ్ళొకరు, మంచం పట్టినవాళ్ళని చూసొచ్చేవాళ్ళొకరు. దాన్ని వాళ్ళు పరిచర్య అంటారు. ఎవరికీ జీతం లేదు.

సంఘపెద్ద, ఎల్డర్ సుందరరావు ఎదురొచ్చాడు. డెబ్భై ఒక్కటి. రిటైరైన ఉద్యోగి, సంఘానికి కార్యదర్శి. తెల్లచొక్కా, జేబులో పాత ఇంకు పెన్ను. మాసమ్మ సంగతి విని బెంచీ పట్టుకుని కూర్చుండిపోయాడు. కాసేపటికి తేరుకుని పక్కగదిలోకి తీసుకెళ్ళాడు.

గది గోడలన్నీ లేత నీలం. పెయింటు వాసన ఇంకా పోలేదు. కిటికీ చెక్కల మీద కూడా నీలం మరకలు.

"మంగళవారం రెండింటి నుంచి ఏడు దాకా మేమే వేసుకున్నామండి," అన్నాడు సుందరరావు. "రేపు మా సంఘాలన్నిటి మీదా ఉండే ప్రెస్బిటరీ పెద్దలొస్తున్నారు. ఈ సంఘాన్ని ఉంచాలా, సికింద్రాబాద్ సంఘంలో కలిపేయాలా అని చూడ్డానికి. పనివాళ్ళని పిలవలేదు. అన్నీ మేమే చేసుకోవడం మాకు అలవాటు."

గోడకి ఒక చార్టు. పక్కన దారం కట్టిన నల్ల బాల్ పెన్ను. కింద మేకుకి తాళంచెవి. చార్టులో మాసమ్మ పేరు, దాని ఎదురుగా వారాల గడులు. ఈ వారం సోమవారం టిక్కు. బుధవారం టిక్కు. శుక్రవారం టిక్కు.

"ఎవరు పోయిన్రు అనేది ఏది? పేర్లు లేవు?"

"సేవకి పేరు తగిలించుకోకూడదండి. పాతికేళ్ళుగా ఇక్కడ అదే పద్ధతి. ఒకరికి కుదరకపోతే ఇంకొకరు వెళ్ళొచ్చి టిక్కు పెడతారు. ఎవరు వెళ్ళారని ఎవరం అడగం."

ఇలాంటి డ్యూటీ చార్టు స్టేషన్లో పెడితే చిక్కడపల్లి దొంగలు పండగ చేసుకుంటారని విఠల్‌కి అనిపించింది. పైకి అనలేదు. చెవిని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, గదికి తాళం వేయించి, ఒక కానిస్టేబుల్ని కాపలా పెట్టాడు.

మధ్యాహ్నం 2.15. స్టేషన్.

శుక్రవారం వంతు నరేంద్రది. నారాయణగూడలో ల్యాబ్ టెక్నీషియన్. శుక్రవారం డబుల్ షిఫ్ట్ పడింది, వెళ్ళలేదు, టిక్కూ పెట్టలేదు అన్నాడు. ల్యాబ్‌లో అడిగితే నిజమేనన్నారు.

తర్వాత విజయశ్రీ. ముప్పై ఎనిమిదేళ్ళు. నారాయణగూడలోనే స్కూల్ టీచరు. చిన్నప్పుడు ఆమె తల్లి పోతే, చెయ్యి పట్టుకుని సండే స్కూలుకి తీసుకెళ్ళింది మాసమ్మే. అప్పట్నుంచీ ఆవిణ్ణి అమ్మ అనే పిలిచేది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. అబద్ధమాడే మనుషులు కూడా ఏడుస్తారని విఠల్‌కి తెలుసు.

"సోమవారం గొడవ ఏంది?"

"పచ్చడి సార్. బీపీ నూట ఎనభై ఉన్నది. మామిడికాయ పచ్చడి సీసా ఆమెకు దొరకకుండ తీసేసిన. అందుకే తిట్టింది."

"బుధవారం పోయినవా?"

"పోలేదు."

"ఎందుకు?"

"పండుకున్న సార్. మంగళవారం పెయింట్ వేసి భుజాలు గుంజినయ్. కోపం గూడ ఉండె. ఒక్క రోజు అలగనీ అనుకున్న."

"మరి బుధవారం గడిలో టిక్కు ఎవరిది?"

"తెల్వదు. గురువారం ఆరున్నరకు ప్రార్థన మీటింగుకు వచ్చిన. అయిపోయినంక పోదామని చెవి కోసం గదిలకు పోయిన. టిక్కు కనబడ్డది. ఎవరో నా బదులు పోయొచ్చిన్రు అనుకుని దేవునికి స్తోత్రం చెప్పి ఇంటికి పోయిన."

నమ్మేలా లేదు. బుధవారం నేను వెళ్ళానని ముప్పై ఒక్క కుటుంబాల్లో ఒక్కరూ అనలేదు. టిక్కు నిజమైతే అది విజయశ్రీదే కావాలి. బుధవారం వెళ్ళింది, గొడవ మళ్ళీ మొదలైంది, ఒక తోపు, పెద్దావిడ పడింది, భయపడి తాళం వేసుకుని వచ్చేసింది. కథ అతుకుతుంది. శుక్రవారం టిక్కు సంగతేమిటని విఠల్ అడిగితే, అనుమానం రాకుండా అదీ ఈమే పెట్టి ఉంటుందన్నాడు పోచయ్య.

ఆదివారం మళ్ళీ రావాలని చెప్పి ఆమెని పంపించారు. ఆమె స్టేషన్ మెట్లు దిగేలోపే స్కూలు వాళ్ళు ఫోన్ చేశారు. సంగతి తేలేదాకా రావొద్దన్నారు. ఆమె సరేనంది. కేసు, ఉద్యోగం ఆమెకి పట్టినట్టు లేదు. ఒక్కటే అడిగింది, అమ్మ ఎప్పుడు పోయిందని. రిపోర్టు రావాలన్నాడు విఠల్.

ఆదివారం ఉదయం 10.30. పోస్టుమార్టం రిపోర్టు వచ్చింది. తుంటి ఎముక విరిగింది. పడింది మంగళవారం రాత్రికీ బుధవారం ఉదయానికీ మధ్య. ఒంట్లో నీటిచుక్క లేదు. ప్రాణం పోయింది శుక్రవారం తెల్లవారుజామున, రెండుకీ నాలుగుకీ మధ్య.

విఠల్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. శుక్రవారం పగలు ఎవరైనా తలుపు తీసి ఉంటే శవాన్ని చూసి ఉండాలి. చూసి, మళ్ళీ తాళం వేసి, చర్చికొచ్చి తీరిగ్గా టిక్కు పెట్టేవాళ్ళుంటారా? పోచయ్య కథ అక్కడ కుంటుతోంది.

మధ్యాహ్నం 12.30. చర్చి.

ఆరాధన అయిపోయింది. ప్రెస్బిటరీ పెద్దలు వచ్చారు, విన్నారు, టీ కూడా తాగకుండా కారెక్కారు. నిర్ణయం ఉత్తరంలో తెలియజేస్తామన్నారు. ఆ ఉత్తరంలో ఏముంటుందో బెంచీలు సర్దుతున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

పక్కగదిలో నలుగురు. విఠల్, సుందరరావు, నరేంద్ర, విజయశ్రీ. గుమ్మంలో పోచయ్య.

"మంగళవారం పెయింట్ వేసేటప్పుడు ఈ చెవిని తీసి పక్కకు పెట్టిన్రా?" అని అడిగాడు విఠల్.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఈ గోడ వేసింది నరేంద్ర. తీసినట్టు గుర్తు లేదన్నాడు.

"పెయింటర్ అయితే ముందు మేకులు పీకుతడు. మీరు పెయింటర్లు కాదు. చెవి ఉన్నకాడికి ఉంచి, దాని మీదికెల్లే బ్రష్షు కొట్టిన్రు."

విఠల్ రెండు వేళ్ళతో చెవిని పట్టుకుని లాగాడు. వెంటనే రాలేదు. ఎండిన పెయింటు పొర చిట్లిన చప్పుడైంది. చెవి ఊడి వచ్చింది.

నీలం గోడ మీద పాత మీగడరంగు మచ్చ. తల, కాడ, పళ్ళు, అచ్చం తాళంచెవి ఆకారంలో.

"పెయింట్ ఎండినంక చెవిని తీసి మళ్ళ పెడితే ఇట్ల అతకదు. మంగళవారం నుంచి ఇది కదల్లే. బుధవారం ఎవరూ పోలే. శుక్రవారం ఎవరూ పోలే. మాసమ్మను ఎవరూ తొయ్యలే. ఆమెనే పడ్డది. విజయశ్రీ గారు చెప్పింది నిజం."

విజయశ్రీ మొహంలో ఏ మార్పూ లేదు. నరేంద్ర గట్టిగా ఊపిరి వదిలాడు.

విఠల్ చార్టు వైపు తిరిగాడు. సోమవారం టిక్కు దారం కట్టిన బాల్ పెన్నుతో పెట్టింది. బుధ, శుక్రవారాలవి ఇంకువి. కింద పాత చార్టులున్నాయి. ఒక్కొక్కటే తిప్పాడు. బాల్ పెన్ను టిక్కుల మధ్య అక్కడక్కడా ఇంకు టిక్కులు.

ఎవరూ అడగకముందే సుందరరావు జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనేనండి," అన్నాడు. "ఖాళీ గడి కనబడితే ఆ మనిషి మొహం చిన్నబోతుంది. అందరూ ఉద్యోగాలు చేసుకుని అలిసిపోయి వచ్చేవాళ్ళే. ఒకరి లోటు ఒకరం కప్పుకోవాలి కదా. బుధవారానిది గురువారం మీటింగుకి ముందు పెట్టాను. శుక్రవారానిది నిన్న పొద్దున్న ఎనిమిదింటికి."

"ఎవరూ పోలేదని తెలిసీ పెట్టిన్రా?"

"లేదు బాబూ. ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారు, టిక్కు పెట్టడం మర్చిపోయి ఉంటారనుకున్నాను. ఎప్పుడూ అలాగే అనుకున్నాను. అడగకూడదు కదా."

ముసలాయన మీద విఠల్‌కి కోపం రావాలి. రాలేదు. జాలీ రాలేదు. మంచివాళ్ళందరూ కలిసి ఒక మనిషిని చంపగలరని అతనికి ఇంతవరకు తెలియదు.

"నా మీద కేసు రాయండి," అన్నాడు సుందరరావు.

టిక్కు పెట్టినవాళ్ళకి తన పుస్తకంలో సెక్షన్ లేదని చెప్పాడు విఠల్. కేసు ప్రమాదవశాత్తు మరణం కింద మూసేస్తారు. స్కూలు వాళ్ళతో తనే మాట్లాడతానని విజయశ్రీకి చెప్పాడు. ఆమె విన్నట్టు లేదు. చార్టు వైపే చూస్తోంది.

"అంకుల్, నా గడులల్ల ఇట్ల ఎన్ని టిక్కులు పెట్టిన్రు?"

సుందరరావు తల దించుకున్నాడు. "ఈ ఏడాదిలో పదకొండు, తల్లీ."

"పదకొండు సార్లు ఎవరో నా బదులు పోయిన్రు అనుకున్న. పదకొండు సార్లు స్తోత్రం చెప్పిన." ఆమె విఠల్ వైపు తిరిగింది. "సార్, గురువారం ఆరున్నరకు అమ్మ బతికి ఉండెనా?"

"అప్పటికే పోయి ఉంటుందమ్మా," అన్నాడు సుందరరావు గబగబా. "పెద్దగా బాధపడి ఉండదు."

విజయశ్రీ ఆయన వైపు చూడనైనా లేదు. విఠల్ మొహం మీంచి చూపు తిప్పలేదు.

కాగితం విఠల్ జేబులోనే ఉంది. అవునమ్మా, బుధవారమే పోయింది అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ మాటతో ఈ మనిషి రాత్రి పడుకోగలదు. అలా అనేయాలనే అతనికి ఉంది. కానీ ఇప్పుడే, ఈ గదిలోనే, అలాంటి దయ ఎక్కడిదాకా తీసుకెళ్తుందో చూశాడు.

"బతికే ఉన్నదమ్మా," అన్నాడు. "ఆ తర్వాత ఇంకా ఎనిమిది తొమ్మిది గంటలు ఉన్నది."

విజయశ్రీ తల ఊపింది. నెమ్మదిగా కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఇక్కడికెల్లి నడిచిపోతే పది నిమిషాలు సార్," అంది.