గెలిచిన జాడీ మీద ఫిర్యాదు

పోటీలో కప్పు గెలిచినవాడు మిఠాయి పొట్లంతో రావాలి. నెల్లిమర్ల జ్ఞానానందం మాత్రం సోమవారం ఉదయం ఏడింటికే, చెమటలు కక్కుతూ, ఒళ్లో ఊరగాయ జాడీ పెట్టుకుని ప్రైవేట్ డిటెక్టివ్ అరుణశ్రీ ఎదుట కూర్చున్నాడు. విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర, జిరాక్సు షాపు పైనున్న ఆ ఆఫీసుకి అంత పొద్దున్నే ఎవరూ రారు. అసిస్టెంటు చినబాబు ఇంకా టీ కూడా తాగలేదు.

"నా పైపు పొగాకు గెలిచిందండీ," అన్నాడు జ్ఞానానందం. "కానీ ఈ జాడీలో ఉన్నది నేను కలిపిన పొగాకు కాదు."

చినబాబు ముప్పయ్యేళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. రకరకాల జనాన్ని చూశాడు. "గెలిసి ఏడుస్తన్నోడిని ఇదే మొదటిసారి సూడ్డం మేడం," అని అరుణశ్రీ చెవిలో గొణిగాడు.

"మొదటినుంచీ చెప్పండి," అంది అరుణశ్రీ.

జ్ఞానానందం గరివిడి ఫ్యాక్టరీలో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యాడు. విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాల్లోనూ కలిపి పైపు తాగేవాళ్లు పదకొండు మంది ఉన్నారు. వాళ్లంతా 'పైపు మిత్రులు'. ఏటా ఒక ఆదివారం ఎవరి పొగాకు మిశ్రమం వాళ్లు అర కేజీ చొప్పున కలిపి తెస్తారు. నిన్నటి పోటీకి షరతు, పొగ తేలికగా ఉండాలి, సువాసన ఉండాలి. మిత్రుల్లోనే ఒకరైన, శ్రీకాకుళంలో పొగాకు గ్రేడింగు చేసి పేరు తెచ్చుకున్న తిరుమలరావు న్యాయనిర్ణేత. ఆయన ఒక్కో మిశ్రమానికీ కొత్త పైపు తీస్తాడు. మధ్యలో గుప్పెడు మరమరాలు నమిలి, నీళ్లు పుక్కిలించి, నాలుకని శుభ్రం చేసుకుంటాడు.

"నా జాడీ దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్లు మూసుకున్నాడండీ. 'మొదట తేనె, నడుమ వెన్నలాంటి పొగ, చివర్లో ఏదో పువ్వు. నాలుక మీద చురుకు లేదు' అన్నాడు. చురుకు లేకపోవడమేటండీ! నా మిశ్రమానికి మొదటినుంచీ ఉన్న జబ్బే అది. రెండో దమ్ముకే నాలుక మండుతుంది. పువ్వు సంగతి నాకు తెలియనే తెలియదు. వెనిల్లా, తేనె, అంతే నేను వేసింది."

"ఆ మాట అక్కడే చెప్పారా?"

"చెప్పబోయాను. ఈలోగా త్రినాథ్ లేచాడు. ప్రతి ఏడూ రెండో బహుమతి ఆయనదే. 'విదేశీ డబ్బా కొని జాడీలో పోసేశాడు' అన్నాడు. పైగా తూకం చూస్తే అర కేజీ ఉండాల్సింది యాభై గ్రాములు తక్కువొచ్చింది. అందరూ నాకేసి చూశారండీ. ఈరోజు పదకొండింటికి మా ఇంటికొస్తున్నారు. వాళ్ల కళ్లముందే మళ్లీ అదే పొగాకు తయారుచేసి చూపించాలట. లేకపోతే నేను మోసగాణ్ణి. డాబా మీద కూర్చుని పైపు తాగే ఈ పదిమందీ తప్ప నాకు స్నేహితులెవరున్నారు?"

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. చినబాబు తనకోసం తెచ్చుకున్న టీ అతనికి ఇచ్చేశాడు.

అరుణశ్రీ జాడీ మూత తీసి వాసన చూసింది. తర్వాత తెల్లకాగితం మీద చిటికెడు పొగాకు పరిచి, భూతద్దం పెట్టింది. సన్నగా కత్తిరించిన ముక్కలన్నిటికీ ఒక అంచున చిన్న నొక్కు కనిపించింది.

"ఆకు దేంతో కత్తిరిస్తారు?"

"మా ఆవిడ లీలారాణి కుట్టుపని కత్తెరతో. దాని అంచు ఒకచోట విరిగింది. తిడుతూనే ఇస్తుంది."

"జాడీ ఎంతవరకు నింపారు?"

"మెడ దాకా. నిన్న తీసినప్పుడూ మెడ దాకానే ఉంది. అదే నాకు అంతుపట్టడం లేదు."

అరుణశ్రీ నవ్వింది. ఆ నవ్వు చూస్తే చినబాబుకి పండగే. కేసు సగం తేలిపోయిందన్నమాట. ఏ సగమో మాత్రం అతనికి ఎప్పుడూ తెలియదు.

ముగ్గురూ నెల్లిమర్ల చేరేసరికి ఎనిమిదిన్నర. పెరట్లో కుళాయి దగ్గర డెబ్బయ్యేళ్ల ముసలామె గిన్నెలు తోముతోంది. నడుముకి గుడ్డసంచీ, ముడిలో మొగలిరేకు. తలెత్తి చూసి మళ్లీ పనిలో పడింది. చినబాబు ఆమెని దాటి గబగబా లోపలికి నడిచాడు. అరుణశ్రీ ఒక క్షణం ఆగి, తర్వాత వచ్చింది.

జాడీ ఉంచిన గది డాబా మెట్ల పక్కన ఉంది. శుక్రవారం పొద్దున్న జాడీకి గుడ్డ కట్టి గదికి తాళం వేశాననీ, తాళంచెవి వంటింటి మేకుకి ఉంటుందనీ, ఆదివారం దాకా గదిలోకి ఎవరూ రాలేదనీ జ్ఞానానందం చెప్పాడు.

కూతురు షీబా ఆస్పత్రి డ్యూటీకి బయల్దేరుతూ నిలబడింది. నర్సు. పొగాకు పేరెత్తితే ఆమెకి మండుతుంది.

"మీ నాన్నగారి జాడీ ముట్టుకున్నావా అమ్మా?"

"ముట్టుకుంటే కాలవలో పారబోసేదాన్నండీ. చర్చిలో అందరూ 'మీ నాన్న ఇంజను లాగ పొగొదుల్తన్నాడు' అంటే నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలీదు. దాన్ని బాగు చేసి గెలిపించడానికి నాకేటి పిచ్చా?"

"ఆ మాట నిజమే," అంది అరుణశ్రీ.

చినబాబు డాబా మీదికి వెళ్లి నీళ్ల ట్యాంకు కింద ఒక చుట్టపీక పట్టుకొచ్చాడు. మహదానందంగా ఉన్నాడు. "దొంగ దొరికిపోయాడు మేడం! ఎవడో డాబా మీద కూసుని చుట్ట తాగినాడు. తమాషా ఏటంటే, చుట్టూ ఎక్కడా బూడిద లేదు."

అరుణశ్రీ పీకని అటూ ఇటూ తిప్పింది. ఒక చివర పొడిగా, శుభ్రంగా ఉంది. రెండో చివర కాలి నల్లబడింది. పళ్లగాట్లు ఆ కాలిన చివరనే ఉన్నాయి. లోపల సన్నని ముక్కలు, వాటి అంచున నొక్కు.

"కాలిన పక్క కొరికినాడేటి? ఎర్రి ఎదవా?" అన్నాడు చినబాబు.

"మీ నాయనమ్మ చుట్ట తాగేదా చినబాబు గారూ?"

"తాగేది. దానికీ దీనికీ ఏటి సంబంధం?"

అరుణశ్రీ జ్ఞానానందం వైపు తిరిగి, "గదిలోకి ఎవరూ రాలేదన్నారు. నేల అద్దంలా ఉంది. తుడిచిందెవరు?" అని అడిగింది.

"దాలమ్మ. మా పనిమనిషి. శుక్రవారం మధ్యాహ్నం తుడుస్తుంది," అన్నాడు అతను. అని, గిన్నెల చప్పుడు వస్తున్న పెరటివైపు చటుక్కున తిరిగాడు.

పదకొండింటికి పైపు మిత్రులు పదిమందీ డాబా మీద షామియానా కింద కూర్చున్నారు. ముందు వరసలో తెల్ల లాల్చీలో తిరుమలరావు, ఆయన పక్కన చేతులు కట్టుకుని త్రినాథ్. లీలారాణి అందరికీ మజ్జిగ ఇచ్చి, భర్త కుర్చీ వెనక నిలబడింది. దాలమ్మ కొంగు పట్టుకుని మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"త్రినాథ్ గారూ, మీరన్న విదేశీ డబ్బా సంగతి ముందు చూద్దాం," అని అరుణశ్రీ మొదలుపెట్టింది. "జాడీలోని ప్రతి ముక్కకీ ఒకేచోట నొక్కు ఉంది. లీలారాణి గారి కత్తెర అంచు అక్కడే విరిగింది. విదేశీ కంపెనీవాళ్లు నెల్లిమర్ల వచ్చి ఆ కత్తెర అడిగి పట్టుకెళ్లారా?"

నవ్వులు లేచాయి. త్రినాథ్ గొంతు సవరించుకున్నాడు. "మరి తూకమేటండీ? యాభై గ్రాములు ఏ దేవుడెత్తుకెళ్లాడు?"

"సూర్యుడు. ఆకు తగ్గితే జాడీలో మట్టం తగ్గాలి. అది మెడ దాకానే ఉంది. తగ్గింది తడి. పైపు పొగాకుని మీరంతా తడిగానే ఉంచుతారు. జ్ఞానానందం గారు మరీ తడిగా ఉంచారు. తడి ఎక్కువైతే పొగతో పాటు ఆవిరి నాలుకని కాలుస్తుంది. ఎవరో దాన్ని ఎండలో ఆరబెట్టారు. అందుకే చురుకు పోయింది."

తిరుమలరావు తల ఊపాడు. "అది రైటే. మరి ఆ పువ్వు?"

"వస్తున్నాను." అరుణశ్రీ చుట్టపీక ఎత్తి చూపించింది. "పళ్లగాట్లు కాలిన చివరన ఉన్నాయి. చుట్టూ బూడిద రాలలేదు. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగితే బూడిద నోట్లోనే ఉంటుంది. దాన్ని మన ఊళ్లలో అడ్డపొగ అంటారు. మీలో అలా తాగేవాళ్లు ఒక్కరూ లేరు. మన ముసలమ్మలు తాగుతారు. వాళ్లు పొగాకు సంచీలో మొగలిరేకు కూడా వేసుకుంటారు."

చినబాబు నుదురు బాదుకున్నాడు. "మా నాయనమ్మా అంతే కదేటి! నోట్లో నిప్పెట్టుకునే నన్ను తిట్టేది!"

అందరూ మెట్లవైపు తిరిగారు. దాలమ్మ చేతులు జోడించింది.

"నానే సేసినాను బాబూ," అంది జ్ఞానానందంతో. "గది తుడుస్తంటే గుడ్డ జారిపోనాది. సెయ్యెట్టి సూత్తే ఆకు తడి. అయ్యో, బాబు ఇంత కష్టపడి కత్తిరించినాడు, పోటీ యేలకి బూజెక్కిపోద్ది అనుకున్నాను. సేటలో పోసి ఎండకెట్టినాను. నా సంచిలో రేకు రెండు పొద్దులు దాంట్లో ఉంచి, ఆదివారం తెల్లారగట్ట వచ్చి తీసీసినాను. బాగుపడినాదో నేదోనని ముందే సిటికెడు సుట్టలో సుట్టి తాగి సూసినాను. పన్లోంచి తీసెయ్యకు బాబూ. తడి పొగాకంటే పాడైందనే మాకు తెలుసు."

జ్ఞానానందం లేచి నిలబడ్డాడు.

"మిత్రులారా, ఇరవై ఏళ్లుగా నేను కెమిస్ట్రీ పుస్తకాలు తిరగేస్తున్నాను. నాలుక మంట మాత్రం పోలేదు. దాలమ్మ ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టింది. ఈ కప్పు నాది కాదు. మోసగాణ్ణనకుండా ఉంటే నాకదే చాలు."

"ముందు రుజువవనీ," అన్నాడు త్రినాథ్. కానీ గొంతులో పస లేదు.

రుజువు దాలమ్మే చేసింది. ఆ శుక్రవారమే కలపగా మిగిలిన పొగాకు లోపల డబ్బాలో ఉంది. దాన్ని చేటలో పోసి, వేళ్లతో విడదీస్తూ ఎండలో తిప్పింది. మబ్బు పట్టినప్పుడల్లా పదకొండు మంది పెద్దమనుషులూ మెడలెత్తి ఆకాశంకేసి చూశారు. గంటయ్యాక పొగాకుని తన సంచీలో మొగలిరేకుల మధ్య పోసి మూతి బిగించింది. ఈలోగా లీలారాణి పదకొండు మందికీ పప్పుచారు, అన్నం పెట్టేసింది.

భోజనాలయ్యాక తిరుమలరావు మరమరాలు నమిలాడు. నీళ్లు పుక్కిలించాడు. కొత్త పైపు వెలిగించి కళ్లు మూసుకున్నాడు. జ్ఞానానందం కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"తేనె," అన్నాడు తిరుమలరావు. ఇంకో దమ్ము లాగాడు. "వెన్న." మూడోసారి పొగ వదిలి, చిన్నపిల్లాడిలా నవ్వేశాడు. "మొగలి! నిన్నంత లేదు గానీ అదే, అదే!"

చప్పట్లు మోగాయి. త్రినాథ్ లేచి జ్ఞానానందం రెండు చేతులూ పట్టుకున్నాడు. "నోరు జారాను బావా, మన్నించు."

తిరుమలరావు తన పైపుని తుడిచి దాలమ్మకి అందించాడు. "నువ్వూ రుచి చూసి తీర్పు చెప్పమ్మా." ఆమె పైపుని అటూ ఇటూ తిప్పి చూసింది. నిప్పున్న గిన్నె నోట్లో పట్టదని తేల్చుకుని తిరిగిచ్చేసింది.

"నిప్పు అంత దూరాన ఉంటే రుసేటి తెలుస్తాది బాబూ?"

డాబా అదిరేలా నవ్వారు. షీబా సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి కప్పు మీద ఇద్దరి పేర్లు రాసి ఉన్నాయి. కప్పు మాత్రం దాలమ్మ ఇంటికి వెళ్లిపోయింది. అందులో ఆమె మొగలిరేకులు పోసుకుంది.

వారం తిరక్కుండా చినబాబు ఆ వీధిలో వెళ్తూ ఒక దృశ్యం చూసి, పరుగున వచ్చి అరుణశ్రీకి చెప్పాడు. పొద్దున్న ఏడింటికి దాలమ్మ గుమ్మంలో త్రినాథ్ నిలబడి ఉన్నాడట, చేతిలో జాడీతో. ఆమె చెయ్యి పెట్టి చూసి, మూత వేసి తిరిగిచ్చేసిందట.

"ఏమంది?" అడిగింది అరుణశ్రీ.

"'తడి. ఆరబెట్టుకుని రా' అన్నాది మేడం!"

"ఆయనేం చేశాడు?"

"తలూపి, ఎండెక్కడుందో ఎతుక్కుంటూ ఎల్లిపోనాడు."