సగం దారిలో దించిన కత్తి

వరదయ్య ఇంట్లో అప్పటిదాకా కత్తి అంటే కూరలు తరుక్కునేదే. నగరిలో మగ్గాల వీధిలో ఉన్న ఆ ఇంటికి జపాను కత్తి ఒకటి వచ్చి అటకెక్కి కూర్చుంటుందని ఎవరూ కలగనలేదు. తెచ్చింది కొడుకు హరినాథ్. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఒగావా అనే జపాను ఇంజనీరుకు కారు తోలేవాడు. ఆదివారాలు ఆయన కత్తి సాధన చేస్తుంటే చూసి చూసి తనూ నేర్చుకున్నాడు. ఆయన కత్తి సంచి చిరిగిపోతే, మా నాయన పట్టుతో నేస్తాడని గొప్పగా మాటిచ్చి, కొలతకని కత్తినే ఇంటికి మోసుకొచ్చాడు.

ఆ పూట తండ్రికి పెద్ద పాఠమే చెప్పాడు. పిడి ఎప్పుడూ పైకి ఉండాలి, కిందికి వంగితే కత్తి ఒరలోంచి జారుతుంది. వట్టి నేల మీద పెట్టకూడదు, దాటకూడదు. నూనె పూసి ఉంచాలి, ఊపిరి తగలనివ్వకూడదు, తుప్పు పడుతుంది. ఆ నూనెలో లవంగాల వాసన. హరినాథ్ చేతులకూ అదే వాసన. చివరగా సంచి మూతికి తాడు మూడు చుట్లు చుట్టి, ఒక ఉచ్చు వదిలి బిగించాలి. ఆ ముడి వరదయ్యకు ఎంతకీ చేతకాలేదు. తెగిన పోగుల్ని కళ్ళు మూసుకుని అతికే మనిషికి తాడు ముడి రాలేదని మునిరత్నమ్మ మొగుణ్ణి ఆటపట్టించింది. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వడం అదే ఆఖరు.

మర్నాడు కత్తిని ఇంట్లో వదిలి, మోటారుసైకిల్ మీద తడకు బయల్దేరిన హరినాథ్ పుత్తూరు దాటకుండానే లారీ కింద పడ్డాడు. తిరుపతి ఆసుపత్రి నుంచి అంబులెన్సు నేరుగా కాటికే వచ్చింది. వాన పడుతోందని అందరూ తొందరపడ్డారు. పాడె కట్టలేదు. సగం దారిలో పాడె దించి, చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలిచే దింపుడు కళ్ళం కూడా జరగలేదు. ప్రాణం ఏ మూలనో మిగిలుంటే ఆ పిలుపుకు పలుకుతుందని పెద్దల ఆశ. ఎవరూ పలకరని వరదయ్యకూ తెలుసు. అయినా తన కొడుకును తను పిలవలేదు. ఆ బాధ అన్నం ముద్దతో పాటు రోజూ గొంతులో అడ్డం పడేది.

దినాలు అయిపోయాక మగ్గం మీద సగంలో ఆగిన నీలం పట్టును నేసి ముగించాడు. మునిరత్నమ్మ దాన్ని సంచిగా కుట్టింది. అంతలో ఒగావా తన దేశానికి వెళ్ళిపోతున్నాడని కబురొచ్చింది. కత్తి కోసం తానే వస్తానన్నాడట. వరదయ్య ఒప్పుకోలేదు. మాటిచ్చింది కొడుకు, తెచ్చి ఇవ్వాల్సింది తండ్రి. ఫ్యాక్టరీ నుంచి కారు తీసుకుని హరినాథ్ స్నేహితుడు మురుగేష్ వచ్చాడు.

"పోయొస్తావు గదా, తలుపు తీసే ఉంటాను," అంది మునిరత్నమ్మ. ఈమధ్య ఎవరు గడప దాటినా ఆమె అదే మాట అంటోంది.

మురుగేష్ కత్తిని వెనక సీట్లో, తలగడ మీద పిడి ఆనేట్టు పెట్టి బెల్టు కట్టాడు. డిక్కీలో పెడితే వేడికి నూనె ఆరిపోతుందని, కాళ్ళ దగ్గర పెడితే మర్యాద కాదని హరి చెప్పేవాడట. ఈ కారులో వెనక మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే గంట మోగుతుందని, కత్తి బరువుకు మోగదని, అయినా కుదుపులకు జారకుండా కడుతున్నానని కూడా చెప్పాడు. సంచి మూతికి మాత్రం వరదయ్య తనకు తెలిసిన నేతగాళ్ళ ముడే వేశాడు.

నాగలాపురం దాటాక, పొద్దు కుంకే వేళ, ఒక మలుపులో టైరు పేలింది. ఒకవైపు కొండ, ఇంకోవైపు చింతచెట్లు. బండిని జాకీ మీద లేపాలంటే లోపల ఏమీ ఉండకూడదని వరదయ్య కత్తిని రెండు చేతులా దించాడు. వట్టి నేల మీద పెట్టకూడదు కాబట్టి భుజం మీది తువ్వాలు పరిచి దాని మీద పడుకోబెట్టాడు. మురుగేష్ బండికి అవతలి పక్క టైరు విప్పుతున్నాడు.

వరదయ్య కత్తి వైపు చూశాడు. పట్టుగుడ్డలో చుట్టి, సగం దారిలో, రోడ్డు పక్కన దించిన...

చుట్టూ చూశాడు. వంగాడు. పిడి దగ్గర నోరు పెట్టాడు.

"హరీ..."

చింతాకు కదల్లేదు.

"హరినాథా..."

అవతల జాకీ చప్పుడు ఆగింది.

"నాయనా... హరీ..."

"ఊఁ..."

చిన్నప్పుడు బడికి లేపితే నిద్రలో పలికినట్టు. ఎంతో దగ్గరగా... సంచి లోపలి నుంచి.

వరదయ్య ఎంతసేపు అలా ఉండిపోయాడో తెలియదు. తేరుకుని కత్తిని చేతుల్లోకి తీసుకుంటే బరువు పెరిగినట్టుంది. సంచి మూతి చూసుకున్నాడు. తను వేసిన ముడి లేదు. మూడు చుట్లు, పక్కన ఒక ఉచ్చు. కొడుకు ముడి. పోయిన ప్రాణం లేచొచ్చినంత సంతోషం కలిగింది ఆయనకు. సంచిని గుండెకు హత్తుకున్నాడు.

మురుగేష్ బండి చుట్టూ తిరిగి వచ్చాడు. అతనూ విన్నాడు.

"బండి తిప్పప్పా," అన్నాడు వరదయ్య గుసగుసగా. "పిలిస్తే పలికినాడు. పలికినోణ్ణి ఇంటికి తోడుకోని పోవాల."

"పెద్దాయనా... ఈ మలుపులో శానామంది పోయినారు. పలికింది ఎవురో..."

"నా బిడ్డ గొంతు నాకు తెలీదా?"

మురుగేష్ వాదించలేదు. సార్ రేపే విమానమెక్కుతాడని, మాట తప్పితే హరికే చెడ్డపేరని మాత్రం అన్నాడు. ఆ మాటకు వరదయ్య లొంగాడు. టైరు మార్చాక తడ దాకా కత్తిని ఒళ్ళోనే పెట్టుకుని, నిమురుతూ కూర్చున్నాడు.

ఒగావా గుమ్మం బయటే ఎదురుచూస్తున్నాడు. పొట్టి మనిషి, ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్ళు. మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, కత్తిని రెండు చేతులా అందుకున్నాడు. పట్టును కళ్ళకద్దుకున్నాడు. తర్వాత సంచి మూతి దగ్గర ఆయన వేళ్ళు ఆగిపోయాయి. ఇంగ్లీషులో మెల్లగా ఏదో అడిగాడు.

"ముడి ఎవురేసినారంటున్నాడు," అన్నాడు మురుగేష్.

"హరి ఏసినాడని చెప్పు."

ఒగావా తల అడ్డంగా ఊపాడు. ఆయన చెప్పిన మాటలు మురుగేష్ తెలుగులో వరదయ్య చెవిలో చెప్పాడు.

"హరిది ఎడమచేతి వాటం గదా... వాడేస్తే ఉచ్చు ఎడమపక్కనే పడేదంట. ఎన్నిసార్లు దిద్దినా మారలేదంట. ఇది కుడిపక్కన ఉండాది... ఇది వాడి ముడి కాదంట, పెద్దాయనా."

ఎడమచేత్తో పలక మీద రాసిన కొడుకు, ఎడమచేత్తో గోళీలు ఆడిన కొడుకు... ఆ ఒక్క పిలుపు మైకంలో కన్నతండ్రి అయ్యుండి ఎట్లా మరిచిపోయాడు? కొడుకు రెండోసారి పోయినట్టయింది ఆయనకు. ఒగావా ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాడు. వరదయ్యకు కన్నీళ్ళు కూడా రాలేదు.

తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో కూర్చున్నాడు. కత్తిని ఇచ్చేశారు, బండిలో ఉన్నది ఇద్దరే. ఆ మలుపు దాటినా ఏమీ కాలేదు. ఎవరూ వెనక్కి చూడలేదు. పుత్తూరు దగ్గరపడుతుండగా వెనక నుంచి వాసన మొదలైంది. లవంగాల వాసన కాదు... అప్పుడే తవ్విన తడిమట్టి వాసన.

టింగ్... టింగ్... టింగ్...

బెల్టు గంట. డ్యాష్‌బోర్డు మీద వెనక సీటు దీపం ఎర్రగా వెలిగింది.

మురుగేష్ బండి ఆపాడు. నోట్లో దేవుడి పేరు చెప్పుకుంటూ దిగి, వెనక తలుపు తీసి, కళ్ళు మూసుకునే ఖాళీ సీటుకు బెల్టు తగిలించాడు. గంట ఆగింది.

మగ్గాల వీధిలోకి తిరిగితే అన్ని తలుపులూ వేసి ఉన్నాయి, ఒక్కటి తప్ప. వెలుతుర్లో గడప మీద మునిరత్నమ్మ కూర్చుని ఉంది. తలుపేసుకో అని అరవాలనుకున్నాడు వరదయ్య. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

కారు చూసి ఆమె లేచి నిలబడింది. మురుగేష్ ఇంజను ఆపాడు.

వెనక సీట్లో బెల్టు టక్కున ఊడింది.